నోరు తెరిచి నిద్రపోయే పిల్లలు

జ్యేష్ఠ శుద్ధ దశమి

ఈ రోజు నమిలే గంటలో తరళ ఏడ్చింది. ఎండుచేప ముక్క నోట్లో పెట్టుకుని, పెదవులు మూసి, అందరితో పాటు దవడలాడిస్తున్న పిల్ల ఉన్నట్టుండి ఆగిపోయింది. దగ్గరికి వెళ్తే ముక్కు మొదలు వేలితో చూపించింది.

"ఇక్కడ లాగుతోంది, పళ్ళ టీచర్."

లాగడం మామూలే. అంగిలికి బిగించిన పలక మధ్యలో చిన్న మర ఉంటుంది. కీ పెట్టి రోజుకో మెట్టు తిప్పితే పలక వెడల్పవుతుంది, దానితో పాటు పిల్ల పైదవడ కూడా. మా తెప్పలపాలెం పిల్లలంతా నీటి మీద పుట్టినవాళ్ళు, ముద్దలు తిని పెరిగినవాళ్ళు. నాచు ముద్ద, చేప ముద్ద, గంజి. నమలని దవడ పెరగదు. పెరగని దవడలో పళ్ళు ఒకదాన్నొకటి తోసుకుంటాయి. అందుకే బడిలో నమిలే గంట పెట్టారు. అందుకే ఆరో ఏట పలక. ఇదంతా నేను నమ్ముతాను. నమ్మకం కుదరనిది నా చేతుల మీదే.

ఒకప్పుడు యూనివర్సిటీలో గణాంకశాస్త్రం చెప్పేదాన్ని. సముద్రం లోపలికి వచ్చాక యూనివర్సిటీ లేదు. ఆరు నెలల శిక్షణ, ఒక చిన్న అద్దం, ఒక కీ ఇచ్చి నన్నీ వైద్యపు పడవలో కూర్చోబెట్టారు. అసలు పళ్ళ డాక్టరు ఎస్తేరుగారు తీరంలో ఉంటారు, మూడు నెలలకోసారి ఓడలో వస్తారు. ఈ లోపల పిల్లల నోళ్ళకు నేను, నాకు తీర కేంద్రం వారి తెర.

సాయంత్రం తెర మీద ఇలా వచ్చింది: "తరళ, నాలుగో వరస ఇళ్ళు. నిద్రలో నోరు తెరిచి ఉంటోంది. పళ్ళు కొరుకుతోంది. మర రోజుకు రెండు మెట్లు."

ఏడ్చిన రోజే రెండింతలు తిప్పమనాలా? తిప్పాను. పిల్ల కీ వంకే చూస్తూ నా చీర కొంగు పట్టుకుంది.

జ్యేష్ఠ పౌర్ణమి

ఇవాళ తరళ వాళ్ళ మామ్మ నాంచారమ్మగారు పడవలోకి వచ్చి నా ఎదుట బల్ల మీద కూర్చున్నారు. తరళ అమ్మానాన్నలు ఉప్పు బల్లకట్ల మీద పనిచేస్తారు, నెలకోసారి వస్తారు. పిల్ల పెంపకమంతా ఈవిడదే. వలలు లాగిన చేతులు, పడవకు అడ్డం నిలబడి మాట్లాడే గొంతు.

"ఏంటండీ టీచరమ్మా, దాని పైపళ్ళ మధ్య సందులో పడవ పోయేట్టుంది. పిల్లలంతా 'రేవు, రేవు' అని పిలుత్తన్నారు."

"దవడ వెడల్పయితే ముందు సందు వస్తుంది మామ్మగారూ. తర్వాత అదే దగ్గర పడుతుంది."

"రోజుకి రెండుసార్లు తిప్పుతున్నారంట."

"రాత్రుళ్ళు నోరు తెరిచి పడుకుంటోందట. అంగిలి వెడల్పయితే ముక్కులో గాలి బాగా ఆడుతుంది, అప్పుడు నోరు మూసుకుంటుంది."

"నా పక్కలోనే పడుకుంటది కదండీ. నోరు మూసుకునే పడుకుంటది. పగలు మూసుకోమంటేనే మూసుకోదు."

నవ్వొచ్చింది. ఆవిడ వెళ్ళాక నవ్వు నిలవలేదు. పక్కలో పడుకున్న మనిషి చెప్పేదానికన్నా తెర చెప్పేది నేనెందుకు ఎక్కువ నమ్ముతున్నాను? తెరకు చెప్పేది పూస. అయిదో ఏట ప్రతి పాలపన్నుకూ ఆవగింజంత పూస అతికిస్తాం. అది వెచ్చదనాన్నీ ఒత్తిడినీ పసిగట్టి కేంద్రానికి పంపుతుంది. పన్ను ఊడితే నాకు తెచ్చివ్వాలి. పూసను ఉప్పునీళ్ళ గిన్నెలో వేస్తే నిద్రపోతుంది. సగం మంది తేరు. "మింగేశాను టీచర్" అంటారు. "మింగింది" అని కేంద్రానికి నమోదు పంపుతాను. తరళ కింది ముందుపన్ను కూడా అలాగే "మింగింది."

రేడియోలో ఎస్తేరుగారిని పట్టుకున్నాను. పూస పంపే అంకెలు నాకూ చూపించమని అడిగాను.

"అంకెలు మీలాంటి పర్యవేక్షకులకివ్వరు కుముద గారూ. నాకైనా అడిగితేనే ఇస్తారు, అడిగే తీరిక నాకు లేదు. ఇంకో సంగతి. తరళ కింది పాలపన్ను ఊడిందని మీరు రాశారు. పూస మాత్రం ఉందంటోంది."

"మింగిందన్నారండీ. ఆ చోట కొత్త పన్ను రంపం అంచుతో పైకొస్తోంది. నా కళ్ళతో చూశాను."

"మింగితే కడుపులో చచ్చిపోవాలి కదా పూస. బతికే ఉంది. పక్క పన్ను పూసకు దీని గుర్తు వేసుంటారు. అతికించింది మీరే కదా?"

నేనే. రేడియో కట్టేసి చాలాసేపు నా వేళ్ళ వంక చూసుకున్నాను. తప్పు వేసి ఉండవచ్చు. వేయలేదని ప్రమాణం చేయగలనా?

జ్యేష్ఠ బహుళ పంచమి

నోరు తెరిచి నిద్రపోయేవాళ్ళ జాబితా పెరుగుతోంది, అందరికీ రోజుకు రెండేసి మెట్లు. వింత ఏమిటంటే, చాలామంది నాలుగో వరస పిల్లలే. ఒకే వరుస ఇళ్ళు, ఒకే గాలి, ఒకే గంజి. ఏదో కారణం ఉండాలి. ఇళ్ళలో తేమా? వంటపొగా? పొద్దున్నే వెళ్ళి ప్రతి ఇంటి కిటికీ చూసి వచ్చాను. ఒకామె "పళ్ళు చూసేవారు కిటికీలు కూడా చూత్తన్నారేంటి?" అంది.

వానలు దగ్గరపడ్డాయి. నీటి సంఘం వాళ్ళు చీపుళ్ళతో కప్పులు కడిగిస్తున్నారు. మా కప్పుల మీద పడ్డ వానే మా తాగునీరు. కప్పు మీద గుడ్డముక్క ఆరేసినా ఆ ఇంటి నీటి వాటా కోస్తారు. వరసలో ఎవరి కప్పు మురికిగా కనిపించినా వరసంతటికీ కోత. అంచుల దాకా నిచ్చెన వేసి తుడుస్తున్నారు. ఎత్తుగా ఉండే నడికొప్పు దాకా ఎవరూ ఎక్కరు, జారుడు.

పిల్లలు తలనొప్పి అంటున్నారు. తెర మీద మాత్రం "మార్పు లేదు, కొనసాగించండి."

జ్యేష్ఠ బహుళ ఏకాదశి

వచ్చింది. వస్తుందేమోనని భయపడుతున్నదే వచ్చింది.

"తరళ. మరతో ఫలితం లేదు. ఈసారి ఓడలో తీరానికి పంపాలి. అంగిలి ఎముక అతుకు కోసి విడదీస్తారు. ఏడాది పాటు అక్కడే పర్యవేక్షణ."

ఎనిమిదేళ్ళ పిల్ల. నేల మీద కాలు పెట్టి ఎరగదు. ఓడ ఆషాఢ పౌర్ణమికి వస్తుంది.

నాంచారమ్మగారికి చెప్పడానికి వెళ్ళాను. ఆవిడ వల అల్లుతూ విన్నారు. చివర్లో ఒక్కటే అడిగారు.

"మీ పిల్లయితే పంపుతారా?"

నాకు పిల్లలు లేరని ఆవిడకు తెలుసు. అందుకే అడిగారో, అయినా అడిగారో. "తెలీదు మామ్మగారూ" అన్నాను. ఆ జవాబు విని ఆవిడ మొదటిసారి నన్ను కోపం లేకుండా చూశారు. తరళ గుమ్మం పక్కన కూర్చుని ఇంకో పన్ను నాలుకతో కదుపుకుంటోంది. ఆ కదిలే పన్నుకు నా పూస మెరుస్తోంది.

ఆషాఢ శుద్ధ విదియ

మొదటి వాన. జరిగింది జరిగినట్టు వరసగా రాయాలి.

నమిలే గంట. వాన చినుకులు మొదలై, అంతలోనే జోరందుకుంది. పిల్లలు కిటికీల వైపు ఎగబడ్డారు. "కూర్చుని నమలండి, పెదవులు మూసి!" అని అరిచి కూర్చోబెట్టాను. తరళ నా ఎదురుగానే ఉంది. బుగ్గలు గుండ్రంగా తిరుగుతున్నాయి, పెదవులు గట్టిగా మూసుకుని ఉన్నాయి. అప్పుడు ఒళ్ళో ఉన్న తెర టింగుమంది.

"తరళ. నోరు తెరిచి ఉంది. పళ్ళు తీవ్రంగా కొరుకుతోంది."

తెర చూశాను, పిల్లను చూశాను. మళ్ళీ తెర. దాని కింద నాలుగో వరస పిల్లల పేర్లు ఒక్కొక్కటే వచ్చి పడుతున్నాయి. అందరికీ అదే మాట. అందరూ నా ఎదురుగానే నోళ్ళు మూసుకుని నములుతున్నారు. వాన పెరిగితే తెర మీద కొరకడం పెరిగింది. వాన తగ్గితే కొరకడం తగ్గింది. యూనివర్సిటీలో ఇదే పాఠం ఏళ్ళ తరబడి చెప్పాను: రెండు గీతలు కలిసి ఎగసి కలిసి పడుతుంటే, వాటిని కలిపే మూడోదాన్ని వెతకమని.

ఆ పళ్ళు వానలో ఉన్నాయి.

"తరళా, నీ కింది పన్ను ఎక్కడుంది?"

"మింగేశాను టీచర్."

"అమ్మా, నేను తిట్టను. ఎక్కడుంది?"

నోట్లో ముక్క అలాగే ఉంచుకుని, కళ్ళు మాత్రం పైకెత్తింది. కప్పు వైపు.

అదే రోజు, వాన వెలిశాక

నాంచారమ్మగారు ముందు ఒప్పుకోలేదు. తర్వాత ఒప్పుకుని నా మీదే ఎగిరారు.

"ఊడిన పన్ను ఇంటి మీద ఎయ్యకపోతే కొత్త పన్ను ఎట్టా వత్తదండీ? మా అమ్మ ఏసింది, మా అమ్మమ్మ ఏసింది. వాళ్ళకి పెంకుటిల్లు, పేడముద్ద. మాకు పేడేదీ? నాచు ముద్దలో పెట్టి ఏత్తన్నాం."

"అందరూనా?"

"ఈ వరసలో అందరి పళ్ళూ నా దగ్గరికే తెత్తారు. విసిరే చెయ్యి నాది. ఇప్పటిదాకా ఒక్కటీ జారలా." ఆ మాటలో గర్వం దాచుకోలేదు ఆవిడ. "ముద్దలో కాస్త చేపజిగురు కూడా కలుపుతా."

వాళ్ళ నిచ్చెనకు నా నిచ్చెన కట్టి పైకెక్కాను. కొప్పు మడతలో, కడిగేవాళ్ళ చీపురు అందని చోట, ఎండకు రాయిలా బిగుసుకున్న చిన్న చిన్న ముద్దలు. ప్రతిదానిలో ఒక పాలపన్ను, ప్రతి పన్నుకూ నేను అతికించిన పూస. పగలంతా ఎండ తాగి రాత్రంతా బతికే ఉంటున్నాయి. ఎండలో వెచ్చబడితే నోరు మూసినట్టు, చీకటిపడి చల్లబడితే నోరు తెరిచినట్టు. నేను చూస్తుండగానే రెండు సముద్రపు కాకులు వచ్చి వాలి, ముద్దల్ని టకటకా పొడిచాయి.

పళ్ళు కొరకడం. అదీ సంగతి. కాకుల కోసం పిల్ల అంగిలి కోయబోతున్నాం.

కప్పు మీదే కూర్చుండిపోయాను. నా పూసల గుర్తులు తప్పు కావు, నా కళ్ళు తప్పు కావు. హాయిగా ఉండాలి. ఉందా? ఇన్నాళ్ళు కీ తిప్పిన చెయ్యి ఎవరిది?

కింద నుంచి నాంచారమ్మగారు: "దిగండి టీచరమ్మా, ఎవరన్నా చూత్తే మా వాటా పోద్ది!"

ముద్దలన్నీ పీకి కొంగులో మూటగట్టుకుని దిగాను. పూసల్ని ఉప్పునీళ్ళలో వేశాను. పళ్ళు ఆవిడకిచ్చాను. "కేంద్రానికి చెప్పకండి" అన్నారావిడ. చెప్పనన్నాను. పూసలు నిద్రపోతే నోళ్ళన్నీ వాటంతటవే బాగవుతాయి, ఎవరికీ నష్టం లేదనుకున్నాను.

ఆషాఢ శుద్ధ షష్ఠి

తరళ ప్రయాణం రద్దయింది. తెర మీద పచ్చ అక్షరాలు: "నాలుగో వరస పిల్లలందరికీ నయం." పిల్లలకు మర తిప్పడం ఆపేశాను. తరళ పాట పాడుకుంటూ వెళ్ళింది. నాంచారమ్మగారు చేపల పులుసు పంపారు.

ఆషాఢ శుద్ధ నవమి

ఎస్తేరుగారు తనంతట తానే రేడియోలో పిలిచారు. ఆవిడ గొంతులో అంత ఉత్సాహం ఎన్నడూ వినలేదు.

"కుముద గారూ, మీరు సాధించారు! రోజుకు రెండు మెట్లు తిప్పితే ముందు ఫలితం కనబడకపోయినా, పట్టుబట్టి కొనసాగిస్తే ఒక్కసారిగా నయమవుతుందని తేలింది. మీ వరసే రుజువు. అన్ని పాలేలకూ ఇదే పద్ధతి పెడుతున్నారు. తెప్పలపాలెం పద్ధతి అని పేరు కూడా పెట్టారు."

"అన్ని పాలేలకూనా?"

"పౌర్ణమి నుంచి. ఏం, సంతోషంగా లేదా?"

ఏదో అన్నాను. ఏమన్నానో గుర్తులేదు.

పాలేలన్నిటిలోనూ పాలపళ్ళు ఊడుతాయి. ఇళ్ళన్నిటికీ కప్పులున్నాయి. ప్రతి పాలెంలోనూ ఒక నాంచారమ్మ ఉండే ఉంటుంది. అక్కడి పిల్లలు ముక్కు మొదలు పట్టుకుని ఏడుస్తారు, అక్కడి టీచరు తన వేళ్ళను అనుమానించుకుంటూ కీ తిప్పుతుంది. ఫలితం లేకపోతే పట్టుబట్టమని చెప్పడానికి ఇప్పుడు నా వరస ఉంది. నా మౌనం వాళ్ళకు వైద్యమైంది.

పులుసు గిన్నె కడిగి తీసుకుని నాంచారమ్మగారింటికి వెళ్ళాను.

"చెప్పేయాలి మామ్మగారూ."

"ఏం చెప్తారు? పూసలు తీసేశారుగా. పిల్లకి కోత తప్పిందిగా. ఇంకా ఎందుకు తవ్వుతారు?"

"మిగతా పాలేల్లో పిల్లలకు రెండేసి మెట్లు తిప్పుతారు. లేని జబ్బుకు."

"వాళ్ళ పిల్లల్ని వాళ్ళ టీచర్లు చూసుకోరా?"

"నేను చూసుకున్నానా?"

ఆవిడ నా చేతిలో గిన్నె లాక్కున్నారు. తర్వాత నెమ్మదిగా, మర్యాద వదిలేసి అన్నారు. "నీకేం, ఒక్కదానివి. నీళ్ళు కోత్తే ఇక్కడ ఇంటికి ఆరుగురం గొంతెండి చత్తాం. చెప్పుకో పో. నీ చదువు నీది."

తలుపు వేయలేదు. వేసి ఉంటే బాగుండేది. తెరిచిన గుమ్మంలోంచి తరళ నన్ను చూస్తూ నిలబడింది, పైపళ్ళ మధ్య సందులో నాలుక కొన పెట్టుకుని.

ఆషాఢ శుద్ధ దశమి

రేడియో ముందు కూర్చుని, లేచి, గిన్నెలు తోమి, మళ్ళీ కూర్చున్నాను. పౌర్ణమి దాకా ఆగితే? ఎస్తేరుగారు వచ్చాక ఎదురుగా చెబితే? అప్పటికి ఓడలో కొత్త ఆదేశాలు పాలేలన్నిటికీ చేరిపోయి ఉంటాయి. పిలిచాను. అంతా చెప్పాను: కప్పులు, నాచు ముద్దలు, కాకులు, వాన.

"కుముద గారూ, కప్పు అన్నారు కాబట్టి ఇది నీటి సంఘానికి పోతుంది. ఇది నేను విన్నట్టు రాయాలా, విననట్టు ఊరుకోవాలా?"

ఆ ప్రశ్న నాకు వదిలేసినందుకు ఆవిడ మీద కోపం వచ్చింది. ఇంకెవరికి వదలాలి మరి?

"రాయండి. అంకెలు తెప్పించి మీరే చూడండి. రాత్రి అన్నిచోట్లా ఒకే వేళకు చల్లబడితే అవి నోళ్ళు కావు."

"వరస పేరు కూడా రాయాలి."

"రాయండి. నా వాటా కూడా కోయమని రాయండి. తీసి దాచింది నేను."

ఆషాఢ పౌర్ణమి

ఓడ వచ్చింది. తెప్పలపాలెం పద్ధతి ఆగిపోయింది. ఎస్తేరుగారు తెచ్చిన కాగితాల నిండా అంకెలు. ఆవిడ నా బల్ల మీద వాటిని పరిచి, "తొమ్మిది పాలేల్లో కప్పుల మీద నోళ్ళున్నాయండీ" అన్నారు. నవ్వలేకపోయాం.

తరళ నోరు తనే చూశారు. అంగిలి బాగానే ఉంది, కావలసినదానికన్నా కాస్త వెడల్పు. కొత్త ఎముక గట్టిపడేదాకా పలక కదపకుండా ఉంచాలి, సందు మెల్లగా మూసుకుంటుందట. "పూర్తిగానా?" అని అడిగాను. "చూడాలి" అన్నారు. ఆ మూడక్షరాల మాట ఇంకా నాలో తిరుగుతోంది.

నాలుగో వరసకూ, నాకూ, శ్రావణం చివరిదాకా సగం నీళ్ళే. సాయంత్రం నా నీళ్ళ డబ్బా తీసుకెళ్ళి నాంచారమ్మగారి గుమ్మంలో పెట్టాను. పొద్దున లేచేసరికి అది నా పడవ మెట్టు మీద ఉంది. మూత కూడా తీయలేదు.

శ్రావణ శుద్ధ చవితి

వరసలో ఎవరూ పలకరించడం లేదు. పిల్లల్ని మాత్రం పంపుతున్నారు. నమిలే గంటలో వాళ్ళ నోళ్ళు ఒక్కొక్కటీ అద్దం పెట్టి చూస్తున్నాను, తెర పక్కన పెట్టేసి. ఎక్కువసేపు పడుతోంది. ఒకడు "టీచర్ మా నోట్లో ఏదో పారేసుకుంది" అన్నాడు, అంతా నవ్వారు.

శ్రావణ శుద్ధ దశమి

మధ్యాహ్నం పడవ ఊగింది. నాంచారమ్మగారు, వెనక తరళ. పిల్ల అరచేతిలో పన్ను. మొన్నటిదాకా నాలుకతో కదుపుకున్నదే.

"మీ పూస మీరు తీసుకోండి" అన్నారావిడ, నా వంక చూడకుండా. "పన్ను మాది."

పూస తీసి ఉప్పునీళ్ళలో వేశాను. తెర మీద దాని గుర్తు ఆరిపోయేదాకా ముగ్గురం చూశాం. పన్ను తరళ చేతిలో పెట్టాను. మామ్మ నడుముకు కట్టుకున్న సంచిలోంచి నాచు ముద్ద తీశారు. చేపజిగురు వాసన గుప్పుమంది. అంతా సిద్ధం చేసుకునే వచ్చారు. అయినా కదలరు. నాకర్థం కావడానికి కాస్త సమయం పట్టింది.

నా వైద్యపు పడవ పైకప్పు పాత టార్పాలిన్. దాని మీద పడ్డ వాన నేరుగా సముద్రంలోకి పోతుంది, ఒక్క చుక్క ఎవరూ తాగరు.

"ఇక్కడ వేయండి" అన్నాను.

"మీ ఇంటి మీదా?"

"పన్ను రావాలి కదా మామ్మగారూ."

ఆవిడ పెదవి చివర ఏదో కదిలింది. నవ్వని చెప్పలేను. ముద్ద పిల్ల చేతికిచ్చి, "మోచెయ్యి వెనక్కి లాగి ఎయ్యి, నేనేసినట్టు" అన్నారు. తరళ విసిరింది. పైన చిన్న చప్పుడు. ముగ్గురం తలలెత్తి విన్నాం. జారలేదు.

వెళ్తూ ఆవిడ గడప దగ్గర ఆగారు. "మిగతా పిల్లల్ని కూడా పంపుతా. నీళ్ళ సంగతి మాత్రం నేను మర్చిపోలేదు."

"మర్చిపోవద్దు" అన్నాను.

శ్రావణ శుద్ధ ఏకాదశి

పొద్దున్నే పైన టకటకా చప్పుడు. కాకి. చెయ్యి దానంతటదే తెర మీదికి పోయింది. తరళ పేరు ఎదురుగా ఏమీ లేదు, ఖాళీ.

ఖాళీ అంటే అంతా బాగున్నట్టా, ఏమీ తెలియనట్టా? అద్దం కొంగున కట్టుకుని, నాలుగో వరసకు నడిచి, నిద్ర లేవని పిల్ల పక్కన గొంతుక్కూర్చున్నాను. నోరు మూసే ఉంది.